నూరు దాటిన పిల్లలు

మా ఆరోగ్య శాఖలో ఏ కాగితం మీదా లేని నియమం ఒకటి ఉండేది. ఏ పనైనా నూటికి నూరు దాటకూడదు. తక్కువైతే తిడతారు, సరిగ్గా నూరైతే అనుమానిస్తారు, దాటితే రిపోర్టు వెనక్కి పంపిస్తారు. అందుకని తెలిసినవాళ్లందరూ నూటికి రెండో మూడో తగ్గించి రాసి పంపేవారు. నాకు తెలియదు కాబట్టి మొదటి ఏడాది నిజం రాశాను.

ఉప్పల్, నాచారం ప్రాంతాల ఆరోగ్య కేంద్రాల బాధ్యత నా మీద పెట్టేసరికి నాకు నలభై ఏళ్లు నిండాయి. అప్పటిదాకా పెద్దాసుపత్రిలో రోగుల్ని చూసేదాన్ని. ఇక్కడికి వచ్చాక స్టెతస్కోపు బీరువాలోకి వెళ్లింది. టీకాలు వచ్చాయా, క్షయ మందులు ఉన్నాయా, గర్భిణుల జాబితా పంపారా, ఫ్యాను ఎందుకు తిరగడం లేదు, మరుగుదొడ్డి తలుపు ఎవరు ఎత్తుకెళ్లారు, ఇవే నా వైద్యం. ఏడాదంతా అడిగినా రాని నిధులు ఫిబ్రవరిలో ఒక్కసారి ఊడిపడేవి. మార్చి ముగిసేలోపు ఖర్చు పెట్టకపోతే వాపసు పోతాయని బెదిరింపు కూడా వాటితోపాటే వచ్చేది. నాకు కోపం ఎక్కువ. ఆ ఉద్యోగంలో కోపం చూపించడానికి ఎదురుగా మనిషి ఉండేవాడు కాదు, కాగితమే ఉండేది. ఆ కోపమంతా ఇంటికి మోసుకెళ్లి పప్పులో ఉప్పెక్కువైందని అరిచేదాన్ని.

నాచారం కేంద్రం అంటే కమ్యూనిటీ హాలుకు ఆనుకుని ఉన్న రెండు గదులు. బుధవారం, శనివారం టీకాల రోజులు. బుధవారం నాడు హాల్లో పెళ్లి పడిందంటే అటు బ్యాండు మేళం, ఇటు సూది పడ్డ పిల్లల ఏడుపు. పెళ్లివాళ్లు వచ్చి, కాసేపు పిల్లల్ని ఏడవకుండా చూడమని మమ్మల్ని బతిమాలిన రోజులు ఉన్నాయి. వాన పడితే నీళ్లు మెట్లు దిగి లోపలికి వచ్చేవి. టీకాల ఫ్రిజ్‌ను ఇటుకల మీద నిలబెట్టి, తల్లుల్ని మాత్రం నీళ్లలో నిలబెట్టాం.

ఆ రెండు గదుల్నీ నడిపింది నర్సు. ఏఎన్ఎం అనాలి, కానీ బస్తీలో అందరికీ సిస్టరమ్మే. భువనగిరి వైపు మనిషి. భర్త దారం మిల్లులో చేసేవాడు, మిల్లు మూతపడ్డాక ఆటో పట్టాడు. ఒక్కగానొక్క కూతురు. ఆమె ఉద్యోగం కాంట్రాక్టు. కాంట్రాక్టు అంటే ఏడాదికోసారి, మార్చి చివరి రోజున ఆమె ఉద్యోగి కాదు. మర్నాడు కొత్త ఆర్డరు వచ్చి మళ్లీ ఉద్యోగి అవుతుంది. నడుమ ఒక్కరోజు తెగితే పర్మనెంటు అడిగే హక్కు పుట్టదని ఎవరో పెద్ద బుర్ర వాడు కనిపెట్టిన ఉపాయం అది. ఆ ఒక్కరోజు కూడా ఆమె పొద్దున్నే వచ్చేది. రిజిస్టర్లో సంతకం పెట్టకుండా, రోజూ చేసే పనే చేసేది. "ఇవాళ సెలవు కదా సిస్టర్" అని ఒకసారి అన్నాను.

"నాకు సెలవు మేడం. పోరలకు టీకా డేటు ఆగదు గద" అంది.

ఇక నూరు సంగతి. జిల్లా ఆఫీసు నుంచి ఏటా ఏప్రిల్‌లో ఒక కాగితం వచ్చేది. మీ ప్రాంతంలో ఈ ఏడాది ఇంతమంది పిల్లలు పుడతారు, ఇంతమందికి టీకాలు వేయాలి అని. పుట్టబోయే పిల్లల సంగతి వాళ్లకెలా తెలిసిందంటే, ఎప్పుడో తీసిన జనాభా లెక్కను పట్టుకుని, దానికి ఏటా కొంచెం కలుపుకుంటూ పోయేవారు. ఆ కలిపే పెద్దమనిషి ఒక్కసారైనా నాచారం వచ్చి చూసి ఉంటే బాగుండేది. ఫ్యాక్టరీల వెనక కాస్త జాగా కనిపించినా చాలు, రేకుల గదులు వరసలుగా లేచిపోతున్నాయి. నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చి ఆ గదుల్లో దిగేవారు. గదికో కుటుంబం, కుటుంబానికో చంటిబిడ్డ. ఏప్రిల్ కాగితానికి వీళ్లెవరూ తెలియదు.

సిస్టర్ ఆ వరసలన్నీ తిరిగేది. తిరిగిన ప్రతి గది నుంచి పిల్లల్ని పట్టుకొచ్చేది. దాంతో నవంబరు నాటికే మా టార్గెట్ అయిపోయింది. డిసెంబరు రిపోర్టులో నూరు దాటింది. నేను గర్వంగా సంతకం పెట్టి పంపాను. వారంలో ఆ కాగితం తిరిగొచ్చింది, అంకె చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి.

ఏదో పొరపాటు జరిగిందనుకుని జిల్లా ఆఫీసుకు వెళ్లాను. లెక్కల విభాగంలో ఒకాయన ఉండేవాడు. మంచివాడు, మర్యాదస్తుడు, ఎప్పుడు వెళ్లినా టీ తెప్పించేవాడు. కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించాడు.

"నూరు దాటితే ఇది తీసుకుంటలేదు మేడం. ఎర్రగ చూపిస్తది. పైనోళ్లు మన జిల్లాదే దొంగ లెక్క అంటున్నరు. మీరు జర తగ్గించి రాయున్రి."

"మిగిలిన పిల్లల్ని ఏం చేయమంటారు?"

"వచ్చే నెలల కలుపున్రి."

"వచ్చే నెలలోనూ ఎక్కువే వస్తారండీ."

ఆయన నవ్వి టీ తాగమన్నాడు. ఆ మాట కాగితం మీద ఇమ్మన్నాను. గట్ల ఎట్ల ఇస్తం మేడం అన్నాడు. మా శాఖలో పెద్ద పెద్ద ఆర్డర్లన్నీ నోటితోనే వచ్చేవి. కాగితం మీద వచ్చేవి సెలవులూ మెమోలూ మాత్రమే.

నాచారం తిరిగొచ్చి సిస్టర్‌తో చెప్పాను. ఆమెకు కోపం రాలేదు. అర్థం కాలేదంతే.

"సూది ఇచ్చినంక పేరు రాయకుంటె ఎట్ల మేడం? రేపు మల్ల వస్తె, ఏ సూది ఇచ్చిన్నో నాకెట్ల ఎర్కైతది?"

మర్నాడు ఆమే ఒక పొడుగాటి నోటుబుక్కు కొని తెచ్చి, స్కేలుతో గీతలు గీసుకుంది. టార్గెట్ దాటిన పిల్లలందరూ అందులోకి వెళ్లారు. పిల్లవాడి పేరు, తల్లి పేరు, ఏ వరసలో ఏ గది, సొంతూరు ఏది, ఏ సూది ఏ రోజు. దాన్ని మేము పక్క బుక్కు అనేవాళ్లం. నెలకోసారి నేను దాన్ని తిరగేసి, తప్పులు లేవని చూసి, పేజీ కింద ఆకుపచ్చ సిరాతో చిన్న టిక్కు పెట్టేదాన్ని. గెజిటెడ్ ఆఫీసరుకు ఆకుపచ్చ సిరా వాడే అర్హత ఉంటుంది. నేను ఆ అర్హతను ఎక్కువగా వాడింది లేని బుక్కు మీదే.

టీకాలు కూడా టార్గెట్ ప్రకారమే వచ్చేవి. లేని పిల్లలకు టీకాలు ఎక్కడివి? సిస్టర్ ఐస్ బాక్సు భుజానికి తగిలించుకుని కాప్రా వెళ్లేది, మేడిపల్లి వెళ్లేది. అక్కడి నర్సుల్ని బతిమాలి, వాళ్ల దగ్గర మిగిలినవి తెచ్చేది. బస్సులో ఆ బాక్సును సీట్లో పెట్టి తాను నిలబడేదని ఒకసారి కండక్టరే నాతో అన్నాడు. నేను ఆమెకు ఆటో చార్జీలు ఇప్పించాలని రాస్తే, ఏ పని మీద ప్రయాణం అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు రాసే వీలు లేదు కాబట్టి ఫైలు మూసేశాను.

ఇంతవరకు మేమేదో తెలివిగా సర్దుకుపోయామనే అనుకున్నాను. ఎంత పెద్ద గోతిలో పడ్డామో రెండేళ్ల తరువాత తెలిసింది.

ఫ్యాక్టరీల వైపు ఇంకో ఆరోగ్య కేంద్రం కావాలని నేను అర్జీ పెట్టాను. ఆ వరసల్లోని ఆడవాళ్లు మా రెండు గదుల దాకా రావాలంటే లారీల రోడ్డు దాటి చాలా దూరం నడవాలి. పూట పోతే ఆ పూట కూలి పోతుంది. నెలలు నిండినవాళ్లు రావడమే మానేసేవారు. అర్జీకి జవాబు రెండే వాక్యాల్లో వచ్చింది. మీ ప్రాంతంలో దాదాపు నూటికి నూరు మందికి సేవలు అందుతున్నట్టు మీ రిపోర్టులే చెబుతున్నాయి. కాబట్టి కొత్త కేంద్రం అవసరం కనిపించడం లేదు.

ఆ కాగితం చదివి గట్టిగా నవ్వాను. తరువాత తలుపు వేసుకుని ఏడ్చాను. మా చేతులతో మేమే రాసి పంపిన అంకె అది. పని ఎక్కువ చేసి, తక్కువ చేశామని రాసి, అంతా సరిపోయిందని రుజువు చేసి కూర్చున్నాం. లోటు ఉందని చూపించాలంటే పక్క బుక్కు బయటపెట్టాలి. అది బయటపెడితే ఇన్నాళ్లూ తప్పుడు రిపోర్టులు పంపామని ఒప్పుకున్నట్టే. ఒప్పుకుంటే రిపోర్టు కింద ఉన్న సంతకాలు రెండు. తయారు చేసినవారు ఆమె, ధ్రువీకరించినవారు నేను. నాది పర్మనెంటు ఉద్యోగం. మెమో ఇస్తారు, మహా అయితే ఒక ఇంక్రిమెంటు ఆపుతారు. ఆమెకు మెమో కూడా అక్కర్లేదు, మార్చి తరువాత ఆర్డరు ఇవ్వకపోతే చాలు.

ఏటా అర్జీ పెడుతూనే ఉన్నాను, ఏటా అవే రెండు వాక్యాలు వస్తూనే ఉన్నాయి. ఈలోగా మా మున్సిపాలిటీని నగరంలో కలిపేశారు. అప్పటి నుంచి జిల్లావాళ్లు నగరాన్ని అడగమనేవారు, నగరంవాళ్లు ఆరోగ్యం జిల్లాది కదా అనేవారు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సు దిగి, ఇటు వెళ్లాలా అటు వెళ్లాలా తెలియక నిలబడిపోయిన రోజులు నాకు ఇప్పటికీ గుర్తే. పోచారం వైపు అద్దాల ఆఫీసులు లేచాయి, వాటికి వెళ్లే బస్సులు మా ముందు నుంచే పోయేవి. నా కింద పనిచేసిన ఇద్దరు డాక్టర్లు రాజీనామా చేసి సొంత క్లినిక్కులు పెట్టుకున్నారు. నేనూ బదిలీ అడిగాను. మీ చోటికి ఎవరూ రామంటున్నారు, అందుకని మీరే ఉండండి అన్నారు. కిటికీ లేని గదిలో ఫ్యాను కూడా ఆగిపోతే ఎలా ఉంటుందో, ఆ నాలుగైదేళ్లూ నాకు అలాగే గడిచాయి.

ఆ తరువాతి ఎండాకాలం ఫ్యాక్టరీల వెనక వరసల్లో తట్టు వచ్చింది. పిల్లలకు జ్వరాలు, ఒళ్లంతా ఎర్రటి పొక్కులు. కొత్తగా దిగిన కుటుంబాలు అవి. సిస్టర్ చెయ్యి ఇంకా వాళ్ల దాకా వెళ్లలేదు, కాప్రాలోనూ మేడిపల్లిలోనూ ఆ నెల టీకాలు మిగలలేదు. అదృష్టం బాగుండి ఎవరూ పోలేదు. కానీ విషయం పైదాకా వెళ్లింది. దాదాపు అందరికీ టీకాలు వేసిన చోట తట్టు ఎలా వచ్చిందని అడిగారు. జిల్లా అధికారి ఫోన్ చేశాడు.

ఆయన గుంటూరు వైపు మనిషి, చెడ్డవాడు కాదు. ఆయన ఒత్తిడి ఆయనది.

"చూడండి డాక్టర్ గారూ, ఎల్లుండి పైనుంచి విచారణకు టీమ్ వస్తోంది. బస్తీల్లో కొత్త సెంటర్లకు ఫండ్స్ కూడా వాళ్ల చేతిలోనే ఉన్నాయి. మీకు ఎప్పట్నుంచో కావాలంటున్నారు కదా. లెక్కలో లేని పిల్లలు ఉన్నారని చూపించగలిగితే మీకు సెంటర్ వస్తుంది. కానీ ఇన్నాళ్లూ ఎందుకు చూపించలేదని అడుగుతారు. దానికి ఒక జవాబు ఉండాలి."

"ఏం జవాబండీ?"

"మీకు తెలీదా. కింద ఫీల్డ్‌లో ఎవరో సరిగ్గా రాయలేదని చెప్పాలి. కాంట్రాక్టు మనిషే కదా."

మర్నాడు మధ్యాహ్నం సిస్టర్‌ను ఉప్పల్ ఆఫీసుకు రమ్మన్నాను. ఆమె ఎండలో వచ్చి, మంచినీళ్లు తాగి, స్టూలు మీద కూర్చుంది. నేను విషయమంతా చెప్పాను. టీమ్ వస్తోంది. పక్క బుక్కులు చూపిస్తే కొత్త కేంద్రం వస్తుంది. ఆ బుక్కులు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారని అడుగుతారు. అక్కడిదాకా చెప్పి ఆగిపోయాను.

ఇక్కడ ఒక విషయం దాచకుండా రాయాలి. నేను ఆగింది మాట దొరక్క కాదు. మిగతాది ఆమె నోటి నుంచే రావాలని ఆగాను. "నేను చెప్పానని చెబుతాను, నువ్వేం భయపడకు" అనే మాట నా దగ్గర ఉంది. అది అనకుండా టీ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆమె స్టూలు కొంచెం ముందుకు జరుపుకుంది.

"సెంటర్ పక్కాగ వస్తదా మేడం?"

"వస్తుందనే అంటున్నారు."

"రేకుల రూముల కాడ్నే?"

"అక్కడే అడుగుదాం."

"అయితే బుక్కులు తెస్త. మీరు ఫికర్ జేయకున్రి" అంది.

నేను ఆమెను ఇంకో గ్లాసు టీ తాగమన్నాను. ఆమె వద్దని లేచి, నాచారం ఆటో ఎక్కింది. నా గుండెల మీద నుంచి బరువు దిగింది. దిగినందుకు సిగ్గు వేసింది. సిగ్గు వేసినా ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టింది.

టీమ్ మా నాచారం గదిలోనే కూర్చుంది. పైనుంచి వచ్చిన పెద్దాయన, జిల్లా అధికారి, లెక్కల విభాగం ఆయన, నేను. సిస్టర్ గోడకు ఆనుకుని నిలబడింది. కుర్చీలు చాలలేదు, లేకపోతే కూర్చోబెట్టేదాన్నని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె సంచిలో నుంచి పక్క బుక్కులన్నీ తీసి బల్ల మీద పెట్టింది. అన్నిటికీ పాత పేపరుతో అట్టలు వేసి ఉన్నాయి. పెద్దాయన ఒకటి తెరిచాడు. చాలాసేపు పేజీలు తిప్పుతూ ఉండిపోయాడు.

"ఇంత వివరంగా నేనెక్కడా చూడలేదు. ఎవరు రాశారు ఇవి?" అన్నాడు.

"నేనే సార్" అంది సిస్టర్.

"మరి రిపోర్టులోకి ఎందుకు ఎక్కలేదు? విడిగా రాయమని నీకు ఎవరు చెప్పారమ్మా?"

లెక్కల ఆయన పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. జిల్లా అధికారి కిటికీలోంచి కమ్యూనిటీ హాలు గోడ చూశాడు. సిస్టర్ నా వైపు చూసింది. ఎక్కువసేపు కాదు. తరువాత పెద్దాయన వైపు తిరిగింది.

"ఎవ్వలు జెప్పలే సార్. నేనే రాసుకున్న."

ఆయన తలూపి ఇంకో పేజీ తిప్పాడు. ప్రతి పేజీ కిందా నా ఆకుపచ్చ టిక్కులు ఉన్నాయి. ఆయన చూపుడువేలు ఒక టిక్కు మీద ఆగింది. ఆయన కూడా ఆఫీసరే, ఆయన జేబులోనూ ఆకుపచ్చ పెన్ను ఉంది. తలెత్తి నన్ను చూశాడు.

"డాక్టర్ గారూ, మీకు ఈ బుక్కుల సంగతి తెలుసా?"

నా జీవితంలో నన్ను అంత సూటిగా ఎవరూ ఏమీ అడగలేదు. తెలుసు అంటే చాలు. మూడక్షరాల కన్నా పొడుగైన మాట కాదు.

"నా దృష్టికి రాలేదు సార్" అన్నాను.

ఎన్నో ఉత్తరాల్లో రాసిన మాట అది, నోరు అలవాటుగా అనేసింది. పెద్దాయన వేలు ఆ టిక్కు మీద ఇంకొంచెంసేపు ఉండి, పక్కకు జరిగింది. ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకు తెలుసు. నన్ను పట్టుకుంటే నేను లెక్కల ఆయన పేరు చెబుతాను, ఆయన పైవాళ్ల పేరు చెబుతాడు, ఆ గదిలో కూర్చున్నవాళ్లెవరూ మిగలరు. నిలబడి ఉన్న మనిషి ఒక్కతే ఉంది. అందరికీ ఆమె చాలింది.

కేంద్రం మంజూరైంది. ఆ వెంటనే కాదు, అంచనాలు, స్థలం, మళ్లీ అంచనాలు అంటూ చాలా కాలం పట్టింది. కానీ మంజూరు కాగితం మాత్రం త్వరగానే వచ్చింది. ఆ కాగితంలో, లెక్కింపులో క్షేత్రస్థాయి సిబ్బంది నిర్లక్ష్యం వల్ల లోటు వెలుగులోకి రాలేదని ఒక వాక్యం ఉంది. కాప్రాకూ మేడిపల్లికీ తిరిగి తెచ్చి వేసిన టీకాలను నిర్లక్ష్యం అన్నారు. నేను ఆ కాగితం మీద అందినట్టు సంతకం చేశాను.

మార్చి చివరి రోజు ఎప్పటిలాగే సిస్టర్ వచ్చింది. సంతకం పెట్టకుండా పని చేసింది. మర్నాడు వచ్చిన జాబితాలో ఆమె పేరు లేదు. చెప్పడానికి నేనే నాచారం వెళ్లాను. ఆమె తల్లులకు కార్డులు ఇస్తోంది. పక్కకు పిలిచి చెప్పాను. ఆమె చేతిలో మిగిలిన కార్డుల్ని సర్ది, రబ్బరు బ్యాండు వేసింది.

"ఫ్రిజ్ తాళం ఎవలకియ్యాలె మేడం?" అని అడిగింది.

నాకు ఇవ్వమన్నాను. ఇచ్చింది. ఏ వరసలో ఏ పిల్లకు ఏ రోజు సూది ఉందో వేళ్ల మీద చెప్పడం మొదలుపెట్టింది. నేను రాసుకుంటానని పెన్ను తీశాను, ఆమె వేగం అందుకోలేక సగం కూడా రాయలేకపోయాను. ఆమె వెళ్లాక లైనులో ఉన్న ఒక తల్లి, సిస్టరమ్మ మళ్లీ ఎప్పుడొస్తుందని అడిగింది. తెలియదన్నాను.

నిజం ఒప్పుకుంటూ ఉత్తరం రాయాలని మూడుసార్లు కూర్చున్నాను. మూడుసార్లూ చించేశాను. భయం వేసింది. దానికి ఇంకో గౌరవమైన పేరు వెతికాను, దొరకలేదు. పోనీ అక్కడి నుంచి వెళ్లిపోదామని మళ్లీ బదిలీ అడిగాను. మీరు పోరాడి సాధించిన సెంటర్ వస్తుంటే మీరు వెళ్లిపోతారా అన్నారు, మెచ్చుకోలుగా. నేను అడిగిందే నన్ను అక్కడ కట్టిపడేసింది. సిస్టర్ ఉప్పల్‌లో ఒక నర్సింగ్ హోములో చేరిందని విన్నాను. ఆ వీధిలోంచి వెళ్లాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్లేదాన్ని.

తరువాత ప్రత్యేక రాష్ట్రం వచ్చింది. మా ఆఫీసుల్లో స్వీట్లు పంచారు, ఫైళ్లు పంచారు, మనుషుల్నీ పంచారు. జిల్లా అధికారి గుంటూరు వైపు రాష్ట్రానికి వెళ్లిపోయాడు. లెక్కల ఆయన రిటైరయ్యాడు. నన్ను అడిగేవాళ్లు ఇక ఎవరూ లేరని రూఢి అయ్యాక, అప్పుడు రాశాను ఉత్తరం. పక్క బుక్కులు నాకు తెలిసే పెట్టారని, ఆమె తప్పు లేదని, తిరిగి తీసుకోమని. పాత కాంట్రాక్టు సిబ్బంది రికార్డులు విభజనలో ఉన్నాయని, వచ్చాక పరిశీలిస్తామని జవాబు వచ్చింది.

ఆ వానాకాలం రేకుల గదుల పక్కన కొత్త కేంద్రం తెరిచారు. నాలుగు గదులు, నీళ్లు రాని ఎత్తైన మెట్లు, గర్భిణులు కూర్చోవడానికి బెంచీలు. రిబ్బను కత్తిరించినవాళ్లు వెళ్లిపోయాక లైను మొదలైంది. నేను ఒక్కో గది చూసుకుంటూ బయటికి వచ్చేసరికి లైనులో సిస్టర్ కనిపించింది. పక్కన కూతురు, ఆరో నెలో ఏడో నెలో. సిస్టర్ తలలో కొంచెం తెలుపు వచ్చింది, అంతే తేడా.

"లోపలికి రా సిస్టర్. లైనెందుకు?" అన్నాను.

"వద్దు మేడం. నంబర్ వస్తది."

ఆమె పక్కనే నిలబడ్డాను. ఉత్తరం సంగతి చెప్పాను. రాశాను, అంతా నా తప్పేనని రాశాను, జవాబు వచ్చింది, మళ్లీ రాస్తాను అని గబగబా చెప్పేశాను. ఆమె శ్రద్ధగా వింది.

"ఇప్పుడు రాసిన్రా?" అంది.

"అవును."

"నౌకరి పోయినదానికి నాకేం బాధ లేదు మేడం. నర్సింగ్ హోంల చేస్తున్న, నడుస్తున్నది. నా మీద ఏసుకుంట అని నేనే అనుకున్న, నేనే ఏసుకున్న. గది మీ తప్పు కాదు." కూతురి కొంగు సర్దింది. "కానీ గా పెద్ద సారు మిమ్ముల అడిగిండు సూడున్రి, ఈ బుక్కులు తెలుసా అని. గప్పుడు తెలుసు అంటరని అనుకున్న. నన్ను కాపాడుమని కాదు. అన్నేండ్లు ఇద్దరం కూసొని రాస్తిమి. నేను ఒక్కదాన్నే రాసినట్టాయె."

అనడానికి ఉన్న ఒక్క మాటనూ అవసరమైన రోజు వాడలేదు. లోపలి నుంచి కొత్త నర్సు నంబరు పిలిచింది. కార్డు ఏ కిటికీ దగ్గర ఇస్తారని సిస్టర్ నన్ను అడిగింది. ఎడమ వైపని చెప్పి, తలుపు దగ్గర నుంచి పక్కకు జరిగాను.